మలక్‌పేటలో అందాల్సిన బండి

మెట్రో మలక్‌పేట స్టేషన్లోకి వస్తుంటే కింద మామూలు రైలు పట్టాలు కనిపిస్తాయి. పోయినేడు ఎండాకాలమంతా నేను రోజూ తలుపు దగ్గర నిలబడి ఆ పట్టాల వంకే చూసేదాన్ని. నేనెక్కాల్సిన ఎంఎంటీఎస్ బండి సరిగ్గా అప్పుడే కాచిగూడ వైపు కదులుతూ ఉండేది. పైనుంచి చూస్తే రైలుకు ఏ తొందరా ఉన్నట్టుండదు. పేరంటంలో వాయనం పుచ్చుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోతున్న పెద్దావిడలా నిమ్మళంగా పోతుంది. నేను పైన, అది కింద. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరమే. కానీ రైళ్లను పిలిచే అలవాటు మన దగ్గర లేదు.

విద్యానగర్‌లో ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే పని దొరికింది నాకు. బళ్లు తెరిచేలోగా చిన్నపిల్లల వర్కుబుక్కులన్నీ అచ్చు కావాలి కాబట్టి ఎండాకాలంలో వాళ్లకు మనుషులు కావాలి. సీజను అయిపోయాక అందులో ఒకరిద్దరిని ఉంచుకుంటారు. నేను ఎమ్మే తెలుగు. పెళ్లయ్యాక ఆ డిగ్రీతో చేసిందల్లా వచ్చిన ప్రతి పెళ్లికార్డులో తప్పులు పట్టి, భోజనాల దగ్గర ఆ విషయం ఎవరికీ చెప్పకుండా తినిరావడం. ఉంచుకునే ఆ ఒకరిద్దరిలో నేనుండాలని చాలా గట్టిగా అనుకున్నాను. ఎంత గట్టిగానో ఇంట్లో చెప్పలేదు. చెబితే వాళ్లకు అడ్డుపడటానికి ఒక పని దొరుకుతుంది.

బస్సు నాకు పడదు. ఎక్కిన రెండు స్టాపులకే నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చోవాలి. రోజూ ఆటోలో పోయేంత జీతం కాదు. అందుకని దారి ఇలా తేలింది: మా మన్సూరాబాద్ నుంచి షేర్ ఆటోలో ఎల్‌బీ నగర్, అక్కడ మెట్రో ఎక్కి మలక్‌పేట, మలక్‌పేటలో దిగి పక్కనే ఉన్న రైల్వే స్టేషన్లో ఎంఎంటీఎస్ పట్టుకుని విద్యానగర్. మ్యాపులో చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఒక గీత అయిపోయిన చోట ఇంకో గీత మొదలవుతుంది.

మా ఆయన లింగస్వామి ఆ మ్యాపును ఫోన్లో పెద్దది చేసి చూసి, తల ఊపారు.

"పోతే పో. నేనేమన్న వద్దన్ననా? డబ్బ మాత్రం ఇచ్చిపో."

డబ్బా సంగతి చెప్పాలి. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ షాపు ఉంది. పిల్లలు తెల్లారకముందే క్లాసులకు వస్తారు కాబట్టి తెల్లారగానే షట్టర్ ఎత్తాలి. ఆయన ఇంట్లోంచి బయల్దేరేసరికి మా పొయ్యి ఇంకా వెలిగి ఉండదు. మా అత్తమ్మ సోమమ్మ చిట్యాల దగ్గరి పల్లెటూరి మనిషి. స్నానం చేసి, దేవుని దగ్గర దీపం పెట్టందే పొయ్యి ముట్టించనివ్వదు. ఆమె స్నానానికి నీళ్లు కాగాలి, కాళ్లనొప్పులకు నూనె రాసుకోవాలి, ఆ తర్వాత దీపం. ఆయనకేమో గ్యాస్ట్రిక్, బయటి తిండి పడదు. ఇదివరకు మధ్యాహ్నం బండి మీద ఇంటికొచ్చి తినిపోయేవారు. నేను ఉద్యోగానికి పోతే వడ్డించే వాళ్లుండరు కాబట్టి, నేను పోతూ పోతూ దారిలో దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో డబ్బా అందించాలి. ఎట్లాగూ ఆ దారినే కదా పోయేది, అన్నారు. నిజమే. ఎట్లాగూ ఆ దారినే.

"మీరు పొయ్యేటప్పటికే వండిపెడ్త. దీపం సంగతి అత్తమ్మతోని నేను మాట్లాడుత" అన్నాను.

"పొద్దుగాల్ల వండిన అన్నం గీ ఎండలకు పులుస్తది."

తెల్లారుజామున వండిన అన్నం పులుస్తుందట, దీపం పెట్టాక వండింది పులవదట. ఆ మధ్యకాలంలో అన్నానికి అంత బుద్ధి ఎక్కడినుంచి వస్తుందో నాకిప్పటికీ తెలియదు.

డబ్బా అందించడం అంటే ఇదీ. దిల్‌సుఖ్‌నగర్‌లో రైలు దిగి, కింది అంతస్తులో టికెట్ గేట్ల దాకా వచ్చి, గేటు దాటకుండా పక్కనున్న స్టీలు కమ్మీ మీదుగా ఆయన చేతికివ్వాలి. ఆయన అటువైపు నిలబడాలి. మళ్లీ నేను పైకెక్కి, తర్వాతి మెట్రో పట్టుకోవాలి. ఆయన టైముకొచ్చి నిలబడి ఉంటే ఒక మెట్రో పోతుంది. లేకపోతే రెండు.

ఎంసెట్ హాల్‌టికెట్లు వచ్చే రోజులు. షాపులో పిల్లలు తేనెతుట్టెలా ఉండేవాళ్లు. నేను కమ్మీ మీద డబ్బా ఆనించి ఫోన్ చేసేదాన్ని.

"ఎక్కడున్నరు?"

"ఒస్తున్న, ఒస్తున్న. మెట్ల మీదున్న."

వెనకనుంచి జిరాక్స్ మిషను చప్పుడు వినిపించేది. మెట్ల మీద జిరాక్స్ మిషను ఎందుకుంటుందని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఇంకాస్త ఆలస్యం. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆమె నన్ను చూసి చూసి అలవాటుపడి, "సార్ ఇంక రాలేదా మేడం?" అనేది. డబ్బా ఆమె దగ్గర పెట్టిపోతానంటే మాత్రం ఒప్పుకోలేదు. మనిషి వదిలి పెట్టిపోయిన డబ్బా అంటే వాళ్లకు వేరే అర్థాలుంటాయట. లోపల దోసకాయ పప్పేనని చెప్పాను. "నాకు తెలుసు మేడం, రూల్‌కు తెల్వది కద" అంది.

చివరికి ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, చొక్కాతో మొహం తుడుచుకుని, డబ్బా పట్టుకుని, "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవారు. రోజూ. నేను మెట్లెక్కుతూ చెప్పేదాన్ని.

ఇక మలక్‌పేటలో, కింద కదిలిపోతున్న పెద్దావిడ వీపు. తర్వాతి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫాం బెంచీ మీద నేను. వారంలో ఒకరోజు, ఆయన నిజంగానే మెట్ల మీద ఉన్న రోజు, బండి అందేది. ఆ ఒక్కరోజు వల్లే మిగతా రోజులు కూడా అందుతుందనే ఆశ చావలేదు.

ఆఫీసులో పని జోడీగా నడుస్తుంది. ఒకరు అసలు ప్రతిని పైకి చదవాలి, కామాలు చుక్కలతో సహా. ఇంకొకరు ప్రూఫు మీద పెన్సిలు పెట్టి చూసుకోవాలి. "కాకి కామా పిచ్చుక కామా కోకిల ఫుల్‌స్టాప్" అని గదంతా పాఠశాలలా మోగుతుంటుంది. నా జోడీ పల్లవి. హయత్‌నగర్ అమ్మాయి, డిగ్రీ అయిపోయింది. పొద్దున పేజీలొస్తాయి, మధ్యాహ్నంలోగా అచ్చు ప్లేట్లకు పోవాలి. నేను రాకపోతే ఆమె ఒక్కతే చదివి ఒక్కతే చూసుకోలేదు. ఉత్తగా కూర్చుంటుంది. మా వాటా పేజీలు పక్క జోడీకి పోతాయి.

ఆఫీసులో మా పెద్దాయన శ్రీరామమూర్తి గారిది గుంటూరు వైపు. కోపం వచ్చినకొద్దీ మర్యాద పెరిగే మనిషి.

"రండి విజయశ్రీ గారూ. ఇవాళ రైలేమంది?"

"ఒక్క నిమిషంల తప్పిపోయిందండి."

"చాలా బాగా చెప్తున్నారమ్మా. రోజూ అదే కథ, ఎక్కడా బిగి సడలడం లేదు. కానీ మనం వేస్తున్నది ఒకటో తరగతి పుస్తకం. మీది పెద్దల కథ."

గదిలో ఎవరూ నవ్వలేదు. దానికంటే నవ్వితే బాగుండేది.

మా ఇంటి ఎదురుగా పట్టాభి గారుంటారు. రైల్వేలో చేసి రిటైరైన గోదావరి జిల్లా మనిషి. రోడ్డున పోయే ప్రతివాళ్లకూ ఫలానా రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో చెప్పందే పంపరు. ఒక సాయంత్రం నీళ్ల ట్యాంకరు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటే నా గోడు ఆయనకు చెప్పుకున్నాను.

"కనెక్షన్ అంటే ఏంటనుకున్నావమ్మాయ్? రెండు స్టేషన్లు పక్కపక్కన ఉంటే కనెక్షన్ అయిపోదు. ఒక బండి ఇంకో బండి కోసం ఆగితే, అదీ కనెక్షన్." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నేను మొదట చేరింది ఒక పొట్టి బ్రాంచి లైన్లో. మూడు పెట్టెల బండి. కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు, కోళ్లగంపలు. జంక్షన్లో మెయిలు లేటైతే మా బండి కదిలేది కాదు. మెయిల్లోంచి దిగినవాళ్లు సామాను మోసుకుంటూ వంతెన దాటి వచ్చేదాకా మా గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని నిలబడేవాడు. కడపటి ముసలమ్మ ఎక్కాకే ఊపేవాడు."

"మీ బండి లేటైతే మెయిలు ఆగేదా?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "మెయిలు ఎలా ఆగుతుంది తల్లీ. అది మెయిలు."

"మరి మీ బండిల ఒచ్చినోళ్లు?"

"ప్లాట్‌ఫాం మీద పడుకునేవారు."

చాలా మామూలుగా చెప్పారు. ఆ పడుకున్నవాళ్లు ఏమనుకునేవాళ్లో అడుగుదామనుకున్నాను, ఇంతలో ట్యాంకరు వచ్చింది.

పట్టాభి గారు మాత్రం నా సమస్యను వదల్లేదు. రిటైరయ్యాక ఆయనకు ఇంత మంచి సమస్య దొరకలేదనుకుంటాను. ఫోన్లో రెండు బళ్ల టైములూ చూసి, నేను ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరుతున్నానో అడిగి, ఎల్‌బీ నగర్‌లో మెట్రోలో ఏ పెట్టె ఎక్కితే మలక్‌పేటలో మెట్లకు దగ్గరవుతుందో కూడా చెప్పారు. చెప్పిన పెట్టెలోనే ఎక్కాను. పెద్దావిడ వీపు ఇంకా దగ్గరగా కనిపించింది, అంతే తేడా.

ఆ వారమే పల్లవి టీ తాగుతూ అంది, నా మొహం చూడకుండా.

"అక్కా, ఏమనుకోకు. నేను వేరే జోడీ అడిగిన."

"ఎప్పుడు?"

"నిన్న. నాకు పైసలు పేజీల లెక్క కద అక్కా. నువ్వు మంచిగనే చూస్తవు, ఒక్క తప్పు కూడ పోనియ్యవు. కాని నువ్వొచ్చేసరికి చూడనీకి పేజీలే ఉంటలేవు."

కోపం రావాల్సింది. రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేను ఇంకా ముందే అడిగేదాన్ని. సాయంత్రం శ్రీరామమూర్తి గారు పిలిచి, కూర్చోమని, మంచినీళ్లిచ్చి, సోమవారం నుంచి బండి దొరికితేనే రమ్మన్నారు. దొరకని రోజు ఇంట్లోనే విశ్రాంతి తీసుకోమన్నారు. అలాంటి రోజు ఇంకొకటి వస్తే ఆ విశ్రాంతి పొడిగిద్దామన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు విషయం చెప్పాను.

"నౌకరీ పొయ్యేటట్టున్నది. మీరు కొంచెం జల్ది వచ్చి నిలబడుండ్రి."

"నేనేం ఖాళీగ కూసున్ననా? గీ రైలోళ్లు ఒకళ్లకొకళ్లు టైము కలుపుకోకపోతే నేనేం చెయ్యాలె?" అని పచ్చిపులుసు పోసుకున్నారు. "గవర్నమెంటు చూస్కోవాలె గివన్నీ."

అత్తమ్మ అన్నం కలుపుతూ అంది. "ఆదివారం దాక ఆగకుండ ముందే చెప్పినవు, గింత పెద్ద ముచ్చట."

"ఇయ్యాల శుక్రవారమే అత్తమ్మా."

"అదే అంటున్న" అంది ఆమె. ఏమంటోందో తెలియలేదు గాని గొంతు నా వైపే ఉన్నట్టనిపించింది.

శనివారం నాకు సెలవు. సాయంత్రం పట్టాభి గారు మా గేటు తీసుకుని లోపలికే వచ్చేశారు. చేతిలో మలక్‌పేటలో కొన్న బంగినపల్లి మామిడిపళ్లు.

"అమ్మాయ్, ఇవాళ నేనే వెళ్లొచ్చాను. నువ్వెక్కే టైముకే ఎల్‌బీ నగర్‌లో ఎక్కాను. మోకాళ్లనొప్పులతో, రెయిలింగు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దిగాను. బండి అందింది. అందడమేంటి, అది వచ్చేలోపు టీ తాగాను." ఆయన మామిడిపళ్లు అరుగు మీద పెట్టారు. "నాకు అందిన బండి నీకెందుకు అందదు? ఇక్కడే నాకు లెక్క కుదరడం లేదు."

"మీరు మధ్యల దిల్‌సుఖ్‌నగర్‌ల డబ్బ ఇయ్యలే కదండి."

"ఏం డబ్బా?"

"మా ఆయన అన్నం డబ్బ. అది ఇచ్చి మళ్ల ఎక్కుత."

"అంటే, మధ్యలో దిగుతావా?"

"దిగుడు కాదండి. డబ్బ ఇచ్చుడు."

"దాన్నే దిగడం అంటారమ్మా" అన్నారు పట్టాభి గారు, చాలా నెమ్మదిగా. "నెలన్నర నుంచీ నా ప్రాణం తీశావు. ఆ సంగతి ఒక్కసారైనా చెప్పలేదేం?"

చెప్పకూడదని కాదు. ఆయన ఎక్కడెక్కడ దిగుతావని అడిగినప్పుడు మలక్‌పేట, విద్యానగర్ అని చెప్పాను. దిల్‌సుఖ్‌నగర్ నా నోటికి రాలేదు. అరుగు మీద కూర్చుని ఎండబోసిన ఉల్లిగడ్డలు ఏరుతున్న అత్తమ్మ తల తిప్పి మమ్మల్నిద్దర్నీ చూసి, మళ్లీ తన పని చూసుకుంది.

సోమవారం పొద్దున ఎప్పట్లాగే డబ్బా సర్దాను. బెండకాయ వేపుడు, పెసరపప్పు, కారం తక్కువ. నా డబ్బా వేరే. ఎల్‌బీ నగర్‌లో సీటు దొరికింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి. ఫోను మోగింది, ఆయనే. తీశాను.

"ఒచ్చినవా? నేను మెట్ల మీదున్న" అన్నారు. వెనకనుంచి జిరాక్స్ మిషను.

"సరే" అని పెట్టేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. బ్యాగుల పిల్లలందరూ ఒక్కసారి లేచారు. నా ముందు నిలబడ్డ అమ్మాయి దారివ్వబోతూ అడిగింది.

"దిగుతారా ఆంటీ?"

"లేదమ్మా."

తలుపులు మూసుకున్నాయి. మూసారాంబాగ్ దాకా ఒళ్లో డబ్బా వేడిగానే ఉంది.

మలక్‌పేటలో కింద పట్టాలు ఖాళీగా ఉన్నాయి. ఇంకా ముందే పోయిందేమో అనుకున్నాను. దిగి, నడిచి, ప్లాట్‌ఫాం మీదికెళ్లి నిలబడ్డాక తెలిసింది, అది ఇంకా రానేలేదు. బండికంటే ముందు నేనున్నాను. ఏం చేయాలో తోచలేదు. బరువు చూసే మిషను ఎక్కి దిగాను. ఫోను మోగుతూనే ఉంది. మోగనిచ్చాను. బండి వచ్చింది.

నేను గదిలోకి వెళ్లేసరికి శ్రీరామమూర్తి గారు పేజీలు పంచుతున్నారు. గోడ గడియారం వైపు చూసి, నా వైపు చూసి, ఒక కట్ట పల్లవి ముందు పెట్టారు. కొత్త జోడీ ఎవరో ఆమెకింకా చెప్పలేదట. నేను పక్కన కూర్చున్నాను.

"చదువు" అన్నాను.

"మేక కామా ఆవు కామా" అని మొదలుపెట్టింది పల్లవి.

మధ్యాహ్నం రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టాను.

"రెండెందుకు అక్కా?"

"ఒకటి మా ఆయనది."

"మరి ఆయనేం తింటడు?"

"నేను కూడ అదే ఆలోచన చేస్తున్న. కూర ఏసుకో."

వేసుకుంది. నోట్లో పెట్టుకుని, మొహమాటపడుతూ, "దవాఖానల పెట్టే కూర లెక్కున్నది అక్కా" అంది. మొత్తం తిన్నాం.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆయన షాపు మూసి ముందే వచ్చేశారు. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అత్తమ్మ గడప మీద ఉంది.

"బండేమన్న ఖరాబయిందా?" అన్నారు.

"లేదు."

"దిల్‌సుఖ్‌నగర్‌ల ఆగలేదా మరి?"

"ఆగింది. తలుపులు కూడ తెరుచుకున్నయి. నేనే దిగలే."

ఆయన కోపం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో వెతుక్కున్నారు. చివరికి వాళ్లమ్మ వైపు తిరిగారు. "ఇంటున్నవా అమ్మా? ఇయ్యాల నేను బయట ఇడ్లీలు తిన్న. కడుపుల మంట."

"ఇడ్లీకి మంట ఎందుకొస్తదిరా. చట్నీ ఎక్కువ పోసుకున్నవేమో."

"నీ దీపం ముచ్చటనే కద ఇదంత. అది పెట్టందే పొయ్యి ముట్టియ్యొద్దంటివి."

"అన్న. ఇప్పటికీ అంట" అంది అత్తమ్మ. "దీపం పెట్టినంకనే వండాలెన్న. ఆ డబ్బ గామెనే మొయ్యాలెన్ననా? నీకు బండి లేదా, చేతులు లేవా?"

"షాపు ఎవలు తీస్తరు?"

"ఎండెక్కినంక తీస్తవు. పిల్లలు పారిపోతరా?"

ఆయన నా వైపు చూశారు. ఏదైనా అంటానేమోనని. ఖాళీ డబ్బా సింకులో పెట్టి నీళ్లు వదిలాను.

బళ్లు తెరిచేనాటికి వర్కుబుక్కులన్నీ అచ్చయ్యాయి. పల్లవినీ నన్నూ ఉంచుకున్నారు. అభినందనల్లాంటివేమీ లేవు. "ఇద్దరి గొంతులూ అలవాటయ్యాయి, మళ్లీ కొత్తవి వినే ఓపిక నాకు లేదు" అన్నారు శ్రీరామమూర్తి గారు, మామూలు మర్యాదతో. అంటే కోపం లేదన్నమాట. కానీ అది జూన్ సంగతి. నేను చెప్పాలనుకున్నది ఆ సోమవారం మర్నాటి పొద్దుటి సంగతి.

మంగళవారం నేను లేచేసరికి ఆయన షాపుకు పోలేదు. స్నానం చేసి, చొక్కా వేసుకుని, బండి తాళాలు వేలికి తగిలించుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. ఆ గడప దగ్గర ఆయన్ని ఆ పూట నేనెప్పుడూ చూడలేదు. కొంచెం పెద్ద మనిషిలా కనిపించారు. అత్తమ్మ తన వేగంతో నూనె రాసుకుని, తన వేగంతో స్నానం చేసి, దీపం పెట్టింది. నేను పొయ్యి ముట్టించాను.

"ఏం కూర?"

"బీరకాయ."

"ఇంక ఎంతసేపు?"

"ఉడకాలె కద."

"పిల్లలు షట్టర్ ముందట నిలబడుంటరు."

"నిలబడనియ్యి" అంది అత్తమ్మ దేవుని దగ్గరనుంచే. "గట్ల ఊకె నిలబడకుంట ఆ ఎల్లిగడ్డలు పొట్టు తియ్యి."

తీశారు. తాళాలు జేబులో వేసుకుని, గోళ్లతో, ఒక్కో పాయనూ హాల్‌టికెట్ అంత జాగ్రత్తగా పట్టుకుని. నేను కూర మీద మూతపెట్టి, నా డబ్బా సంచిలో పెట్టుకుని, కొంగు సర్దుకున్నాను.

"ఎటు?"

"నాకు టైమైంది."

"మరి కూర?"

"పొయ్యి మీదున్నది. మెత్తగైనంక దించుండ్రి. ఉప్పు ఇంక ఎయ్యలే."

"ఉప్పు ఎంత ఎయ్యాలె?"

ఇన్నేళ్లలో ఆయన నన్ను అడిగినవాటిలో, జవాబు విన్నాక తనే చేయాల్సిన పని ఉన్న మొదటి ప్రశ్న అది.

"చూసి ఎయ్యుండ్రి" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.